ముందు లైట్లు నిలబెట్టు, తర్వాత ముక్కు కట్టు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంటి వెనక షెడ్డులో సొంతంగా ఒక రెండు సీట్ల కారు కట్టుకున్నాను. పైపులతో ఛాసిస్, మారుతి 800 ఇంజను సీట్ల వెనక, రేడియేటర్ ముందు, పైన ఫైబర్ బాడీ. తాడికొండ వైపు మా పొలం దారుల్లో నడుపుతుంటాను. పోయిన నెల మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కించిన ట్రాక్టర్ తొట్టి వెనక్కి వస్తూ కారు ముక్కుకి తగిలింది. కుడి హెడ్‌లైట్ ఉన్న చోటంతా ఊడిపోయింది, ముక్కు మధ్య దాకా పగిలింది, ఎడమ వైపు బాగానే ఉంది. ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి రేకు ముక్క రివిట్ కొట్టి లప్పం పెడితే సాయంత్రానికి అయిపోతుందన్నారు. మా ఫ్రెండేమో ఫైబర్ మొత్తం పీకేసి రేకు ముక్కు కట్టించమంటున్నాడు. ఎలాగూ విప్పాను కాబట్టి ఆన్‌లైన్‌లో చూసిన సన్నటి ఎల్‌ఈడీ లైట్లు పెట్టి, ముక్కు ఇంకొంచెం కిందికి దించి, నలుపు రంగు వేయాలని నా ఆలోచన. పాత లైట్లు రాత్రిపూట గుడ్డిగా ఉండేవి, గుంతల్లో ఊగేవి కూడా. ఎక్కడ మొదలుపెట్టాలి? రేకా, ఫైబరా? దీన్ని రోడ్డు మీదికి తేవచ్చా? ఫొటోలు, ఆ లైట్ల లింకు పంపుతున్నాను. పగిలిన ముక్కలు దాచాను, కుడి లైటు చుట్టూ ఉండే భాగం మాత్రం దొరకలేదు.

సమాధానం:

తమ్ముడూ, ఫైబర్‌ని ఇప్పుడే ముట్టుకోకు. మేస్త్రి చెప్పిందీ, మీ ఫ్రెండ్ చెప్పిందీ, నువ్వు అనుకుంటున్నదీ మూడూ బాడీ దగ్గరే మొదలవుతున్నాయి. నీ కారుకి ముందు కావలసింది లైట్లకి సరైన చోటు. అది తేలితే ముక్కు ఆకారం సగం దానంతటదే తేలుతుంది. అలా కాకుండా ఆకారం ముందే అనుకుని అందులో లైట్లని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూర్చావంటే, ఏ ట్రాక్టరూ తగలకపోయినా ఇంకో ఏడాదికి మళ్లీ ఇదే పని పెట్టుకుంటావు.

ఎందుకంటున్నానంటే, నువ్వు పంపిన ఎడమ వైపు ఫొటో ఇంకోసారి పెద్దది చేసి చూడు. బాగానే ఉందన్నావు కానీ డూమ్ (లైటు గిన్నె) స్క్రూల చుట్టూ సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు ఉన్నాయి. అవి తొట్టి తగిలి వచ్చినవి కావు. లైటు డూమ్‌ని నేరుగా ఫైబర్ తొడుగుకే నాలుగు స్క్రూలతో బిగించావు, తొడుగేమో మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉన్నట్టు లేదు, గుంతలో పడ్డప్పుడల్లా తొడుగు వణుకుతుంది, దాంతోపాటు లైటు వణుకుతుంది, ఆ బరువంతా నాలుగు రంధ్రాల మీద పడుతుంది. లైట్లు ఊగేవి అన్నావే, దానికి కారణం ఇదే. తొట్టి తగిలినప్పుడు కుడి వైపు ముక్క మొత్తంగా ఊడి రావడానికి కూడా అప్పటికే అక్కడ చీలికలు ఉండటమే కారణం అయ్యుంటుంది.

కాబట్టి లైట్లని ఛాసిస్ మొయ్యాలి, తొడుగు కాదు. ముందు అడ్డ పైపు నుంచి రెండు వైపులా ఒక్కో బ్రాకెట్ వెల్డింగ్ చేయించు. 25 మి.మీ. చదరపు పైపు, చివర 3 మి.మీ. ప్లేటు, ఆ ప్లేటుకి డూమ్, మధ్యలో రబ్బర్ వాషర్లు, అంతే. పైపు పొడుగ్గా ముందుకి వస్తుంటే కింద నుంచి ఒక ఏటవాలు సపోర్టు కూడా ఇప్పించు, లేకపోతే మళ్లీ అదే ఊగుడు. తొడుగులో లైటుకి రంధ్రం కొంచెం పెద్దదిగా పెట్టి, డూమ్ అంచుకీ ఫైబర్‌కీ మధ్య 4, 5 మి.మీ. సందు వదిలి రబ్బర్ బీడింగ్ వెయ్యి. దీనివల్ల ఇంకో లాభం, ముక్కు ఎప్పుడు విప్పినా లైట్లు కారు మీదే ఉంటాయి, వైర్లు పీకనక్కర్లేదు, ఒకసారి సెట్ చేసిన ఫోకస్ చెదరదు.

ఇంటి దగ్గర బిగించుకునే కార్లలో అందరికీ తెలిసినది 1957లో ఇంగ్లండ్‌లో వచ్చిన లోటస్ సెవెన్. విడి భాగాలుగా అమ్మితే పూర్తి కారు మీద పడే కొనుగోలు పన్ను తప్పేది కాబట్టి అక్కడ చాలామంది దాన్ని అలాగే కొని ఇంట్లో బిగించుకున్నారు. దాని ఫొటో చూడు, లైట్లు బాడీలో దాచి ఉండవు, బయట బ్రాకెట్ల మీద నిలబడి ఉంటాయి. ముక్కు విరిగితే ముక్కు ఒక్కటే మార్చుకుంటారు. నువ్వు లైట్లు బయటే పెట్టాలని నేను అనడం లేదు, లోపల పెట్టుకున్నా మొయ్యాల్సింది మాత్రం ఇనుమే.

ఇక ఎత్తు. ముక్కు కిందికి దించుదామన్నావు, లైట్లు దాంతో పాటు దిగకూడదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి కార్లకి రోడ్డెక్కే ముందు ఐవీఏ అని ఒక పరీక్ష పెడతారు, అందులో డిప్ లైటు (వెలుగు కిందికి వంచి పడేది) నేల నుంచి 500 మి.మీ. కంటే కింద ఉండకూడదు, 1200 మి.మీ. కంటే పైన ఉండకూడదు. కారు బయటి అంచు నుంచి లైటు అంచు 400 మి.మీ. కంటే లోపలికి పోకూడదు. అక్కడి నిబంధన మనకెందుకు అనుకోకు, దాని వెనక కారణం పొలం దారికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. లైటు మరీ కింద ఉంటే నేలని గీసుకుంటూ వెలుగు పడుతుంది, ప్రతి చిన్న గడ్డ వెనకా పొడుగాటి నీడ వస్తుంది, గుంత ఏదో నీడ ఏదో తెలియదు. మరీ లోపలికి ఉంటే ఎదుటివాడికి నీ కారు వెడల్పు తెలియదు, ఒంటి లైటు బండి వస్తోందనుకుని పక్కనుంచి దూరిపోవాలని చూస్తాడు. టేపు పట్టుకుని కొలువు. ఫొటోలో చూస్తే ఇప్పుడున్న చోటే 550 దరిదాపుల్లో ఉన్నట్టుంది, ఆ కొలత నిజమే అయితే ఒక్క అంగుళం కూడా కిందికి దించొద్దు, వీలైతే ఒక 80, 100 మి.మీ. పైకి తీసుకో. ముక్కు కొసని మాత్రం దించుకో, తప్పు లేదు.

సన్నటి ఎల్‌ఈడీల గురించి. నువ్వు పంపిన లింకులో వస్తువు మీద ఏ ముద్రా లేదు, ఏ దేశం రోడ్డు కోసం చేశారో లేదు. ఇది చాలా ముఖ్యం. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి డిప్ వెలుగు ఎడమ పక్కకి కొంచెం పైకి లేవాలి, కుడి పక్కన కిందే ఉండాలి. అమెరికాకీ ఐరోపాలో ఎక్కువ దేశాలకీ చేసిన లైటు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, అది పెట్టుకుంటే నీకు ఎడమ అంచు కనపడదు, ఎదురు వచ్చేవాడి కళ్లలో వెలుగు కొడుతుంది. ఐరోపా ప్రమాణాల లైటు అయితే అద్దం మీద గుండ్రంలో ఇంగ్లిష్ E అక్షరం ఉన్న ముద్ర ఉంటుంది. దాని దగ్గరే బాణం గుర్తు కోసం చూడు. లైటుకి ఎదురుగా నిలబడి చూస్తే నీ కుడి చేతి వైపు చూపే బాణం ఉంటే అది మనలా ఎడమ వైపు నడిపే దేశాలది. బాణం లేకపోతే కుడి వైపు నడిపే దేశాలది. రెండు వైపులా బాణం ఉంటే రెంటికీ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. ఈ ముద్రే లేని లైటు ఎంత అందంగా ఉన్నా వద్దు.

నా సలహా 7 అంగుళాల గుండ్రటి లైట్లు. అంబాసిడర్‌కీ, మహీంద్రా జీపుకీ, జిప్సీకీ వచ్చేది ఈ సైజే. విజయవాడ ఆటోనగర్‌లో అయినా గుంటూరు ఆటోనగర్‌లో అయినా ఏ షాపులో అడిగినా దొరుకుతుంది, పగిలితే గంటలో ఇంకోటి తెచ్చుకుంటావు, వెనక ఫోకస్ సర్దుకునే స్క్రూలతో సహా రెడీగా వస్తుంది. లూమాక్స్, మిండా, హెల్లా లాంటి తెలిసిన కంపెనీది తీసుకో, అందులో హెచ్4 బల్బు, 60/55 వాట్లది, వెయ్యి. షాపువాళ్లు 100/90 అనో ఇంకా ఎక్కువదో చూపిస్తారు, ఎక్కువ వాట్లంటే ఎక్కువ వెలుగు అనిపిస్తుంది కానీ రిఫ్లెక్టర్ పూత కాలిపోతుంది, హోల్డర్ కరుగుతుంది, ఫైబర్ ముక్కులో గాలి ఆడని చోట అది మంచిది కాదు. అలాగే హాలోజెన్ డూమ్‌లోకి ఎల్‌ఈడీ బల్బు దూర్చడం కూడా వద్దు. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ సన్నటి ఫిలమెంట్ ఉన్న చోటుని లెక్కలోకి తీసుకుని చేసి ఉంటుంది, వెలుగు పుట్టే చోటు కొద్దిగా జరిగినా డిప్ గీత చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఎల్‌ఈడీయే కావాలంటే అదే 7 అంగుళాల సైజులో మొత్తం యూనిట్ దొరుకుతుంది, పైన చెప్పిన బాణం గుర్తు చూసి తీసుకో.

కానీ నీ లైట్లు గుడ్డిగా ఉండటానికి బల్బు కారణం అని నేను అనుకోవడం లేదు. వైరింగ్ ఫొటోలో డూమ్ వెనక ఎర్త్ వైరు (కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే వైరు) ఫైబర్‌కి బిగించిన స్క్రూ దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి ఇంకో సన్నటి వైరు ఎటో పోతోంది. రేకు కారులో బాడీయే ఎర్త్, ఏ మూల స్క్రూ బిగించినా పని జరిగిపోతుంది. ఫైబర్‌లో కరెంటు పోదు. కాబట్టి ఒక్కో లైటు నుంచి ఒక్కో మంచి ఎర్త్ వైరు, 2.5 చ.మి.మీ.ది, నేరుగా ఛాసిస్‌కి, పెయింటు గీకి మెరిసే ఇనుము మీద బోల్టుతో బిగించు, పైన గ్రీజు రాయి. ఛాసిస్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి లావు కేబుల్ ఉందో లేదో కూడా చూసుకో.

పాజిటివ్ వైపు రిలే పెట్టు, అంటే స్విచ్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో లైట్ల పెద్ద కరెంటుని కలిపే డబ్బా. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్ల పైన లాగుతుంది, రెండూ కలిస్తే 9 దాటుతుంది, హై బీమ్‌లో 10. ఇంత కరెంటు నీ డాష్‌బోర్డు స్విచ్ గుండా పోతూ ఉంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. హాలోజెన్ బల్బు దగ్గర వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు పది శాతం కాదు, దాదాపు 30 శాతం తగ్గుతుంది. నీ బ్యాటరీ సీట్ల వెనక ఉంది కాబట్టి అక్కడి నుంచి ముందుకి ఫ్యూజుతో 4 చ.మి.మీ. వైరు లాగి, రిలేలో 30 నంబరు పిన్నుకి ఇవ్వు, 87 నుంచి లైట్లకి, 85, 86 పిన్నులు స్విచ్‌కీ ఎర్త్‌కీ. డిప్‌కి ఒక రిలే, హైకి ఒక రిలే. 87 దాటాక కుడి లైటుకి ఒక ఫ్యూజు, ఎడమ లైటుకి ఒక ఫ్యూజు, 10 ఆంపియర్లవి, విడివిడిగా. ఒకటి పోతే రెండోది వెలుగుతుంది, చీకట్లో కాలవ గట్టు మీద రెండూ ఒకేసారి ఆరిపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. రిలేలని ముక్కులో పెట్టకు, అక్కడ నీళ్లూ బురదా కొడతాయి. అంతా అయ్యాక లైట్లు వేసి ఉంచి, మీటరుతో బ్యాటరీ పాజిటివ్‌కీ బల్బు పాజిటివ్ పిన్నుకీ మధ్య కొలువు, అర వోల్టు కంటే తక్కువ చూపించాలి. ఎర్త్ వైపు కూడా అలాగే. ఎక్కువ చూపిస్తే ఏదో జాయింటు సరిగ్గా లేదు, వెతుకు.

ఫోకస్ సెట్ చెయ్యడం ముక్కు బిగించకముందే చేసుకో. చదునుగా సిమెంటు నేల ఉన్న చోటు కావాలి, మీ వైపు కోల్డ్ స్టోరేజీలకి కొదవ లేదు కదా, తెలిసినవాళ్లని అడిగి సాయంత్రం ఒక గోడ వాడుకో. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, సీట్లో నీ బరువున్న మనిషిని కూర్చోబెట్టి, గోడకి లైట్లు 10 మీటర్ల దూరంలో ఉండేలా కారు ఆపు. గోడ మీద ఒక్కో లైటు మధ్య ఎత్తుకి సరిగ్గా గీత గీసి, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గియ్యి. డిప్‌లో వెలుగు పై అంచు ఈ కింది గీత మీద ఉండాలి, ఎడమ పక్కన మాత్రం కొంచెం పైకి లేస్తుంది. ఒక లైటు సెట్ చేసేటప్పుడు రెండో దానికి ముందు అట్టముక్క నిలబెట్టు, గుడ్డ కప్పకు, హాలోజెన్ వేడికి అంటుకుంటుంది. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెప్పేది కూడా ఇదే, లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కన, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి వెలుగు కొట్టకూడదు. అది ఎదురు వస్తున్న మనిషి కన్ను ఉండే చోటు. పొలం దారి అయినా రాత్రి సైకిల్ మీద ఇంటికి పోయే కూలీలు ఉంటారు.

ఇప్పుడు ఫైబర్‌కి వద్దాం.

రేకా ఫైబరా అంటే నీ కారుకి ఫైబరే. ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లు చేత్తో కట్టే మేస్త్రుల పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది, కానీ నీ ముక్కు అన్ని వైపులా వంపు తిరిగింది, అది రేకులో రావాలంటే చాలా పని, చాలా ముక్కలు, చాలా వెల్డింగ్, దాని మీద మళ్లీ లప్పం. 0.9 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకి 7 కిలోలు, 3 మి.మీ. ఫైబర్ నాలుగున్నర కిలోలు. మిగతా బాడీ అంతా ఫైబర్ అయినప్పుడు ముక్కు ఒక్కటి రేకు చేస్తే ఆ జాయింటు నిన్ను జీవితాంతం ఏడిపిస్తుంది. మేస్త్రి చెప్పిన రివిట్ రేకు సంగతి కూడా అంతే. ఎండలో రేకు, ఫైబర్ ఒకే లెక్కన సాగవు, పైనున్న లప్పం మొదటి వేసవిలోనే రివిట్ వరుస వెంట చీలుతుంది. ఆయన రోజూ చూసేది రేకు బండ్లు, ఆ బండ్లకి ఆ పద్ధతి సరిపోతుంది.

ముక్కు మొత్తం కొత్తది అక్కర్లేదు. పగిలిన ముక్కలన్నీ దాచావు కదా, బయటి వైపు నుంచి ముక్కల్ని పాత చోటికి చేర్చి, రేకు పట్టీలూ చిన్న స్క్రూలూ వేసి కదలకుండా పట్టించు. పని మొత్తం లోపలి వైపు నుంచి. పగులుకి రెండు పక్కలా గ్రైండర్‌తో వాలుగా అరగదియ్యి. వాలు ఎంతంటే మందానికి 12 రెట్లు, 3 మి.మీ. మందమైతే ఒక్కో పక్క 36 మి.మీ. చాలామంది రెండు పక్కలా కలిపి రెండు వేళ్ల వెడల్పే గీకి వదిలేస్తారు, అది అందుకే మళ్లీ అక్కడే పగులుతుంది. ఆరిపోయిన పాత రెజిన్‌కి కొత్త రెజిన్ (పోగుల్ని పట్టి గట్టిపడే ద్రవం) కలిసిపోదు, గరుకుని పట్టుకునే నిలబడుతుంది, కాబట్టి 40 నంబరు గరుకు కాగితంతో బాగా గీకి, దుమ్ము దులిపి, అసిటోన్‌తో తుడిచి, అదే రోజు మ్యాట్, అంటే గాజు పోగుల పరుపు, రెజిన్‌తో తడిపి వెయ్యి. చదరపు మీటరుకి 450 గ్రాముల మ్యాట్ ఒక పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది, కాబట్టి మూడు పొరలు. రెజిన్ మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు లెక్క వేసుకో, అంతకంటే ఎక్కువ పోస్తే బలం రాదు, పెళుసవుతుంది. ప్రతి పొరకీ ఇనుప రోలర్‌తో బుడగలు తియ్యి, తెల్లగా కనపడే చోటు ఎక్కడ ఉన్నా అక్కడ గాలి ఉన్నట్టే. ఎవరైనా ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ వాడమంటే, మంచిదే, బాగా పట్టుకుంటుంది, కానీ మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో కరిగినట్టు ఎపాక్సీలో కరగదు, దానికి నేత గుడ్డ కావాలి. పైగా ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ (పైన వేసే నున్నటి పూత) సరిగ్గా ఆరదు. నువ్వు పాలిస్టర్‌తోనే ఉండు.

కుడి లైటు చుట్టూ ఉండే భాగం ముక్కలుగా కూడా దొరకలేదన్నావు. అది కొత్తగా చెయ్యాలి, ఎలాగూ లైటు చోటు మారుతోంది కాబట్టి ఎడమ వైపు కూడా ఆ మేరకు కోసి రెండూ కొత్తగానే చెయ్యడం మేలు. బ్రాకెట్ల మీద లైట్లు నిలబెట్టి, ఫోకస్ అయ్యాక, ముక్కు దాని చోట పెట్టు. ముందు ఎడమ వైపు ఆకారం తేల్చుకుని, దాని వంపుని ప్రతి 10 సెంటీమీటర్లకీ అట్టముక్క మీద గీసి కత్తిరించుకో. ఆ అట్టల్నే తిరగేసి కుడి వైపు పెడితే రెండు బుగ్గలూ ఒకేలా వస్తాయి, కంటి అంచనాతో అయితే రావు. ఖాళీ చోటుని బంకమట్టితోనో గట్టి పీయూ ఫోమ్‌తోనో నింపి అట్టల ప్రకారం ఆకారం తేవాలి. థర్మాకోల్ మాత్రం నేరుగా వాడకు, పాలిస్టర్ రెజిన్ తగిలిన వెంటనే కరిగిపోతుంది.

ఈ ఒక్క పనికీ నేనైతే ఆటోనగర్ కంటే ముందు తెనాలి వెళ్తాను. అక్కడి శిల్పులు ఇనుప తుక్కుతో విగ్రహాలు చేస్తారని అందరికీ తెలుసు, ఫైబర్ విగ్రహాలు చేసేవాళ్లూ ఉన్నారు. మట్టితో ఆకారం చెయ్యడం, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తియ్యడం, అచ్చులో ఫైబర్ వెయ్యడం వాళ్ల రోజువారీ పని. మనిషి ముఖం అచ్చు తీసేవాళ్లకి లైటు బుగ్గ ఎంత? ఒక అచ్చు తీయించుకుని దాచుకున్నావంటే, రేపు ఇంకో తొట్టి తగిలినా రెండు రోజుల్లో కొత్త బుగ్గ వేసుకోవచ్చు. మన దగ్గర ఈ విద్య ఇంత దగ్గర్లో ఉండి కూడా బండ్ల పని చేసేవాళ్లు దాన్ని వాడుకోవడం లేదు, నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. వాళ్లకి పని చెప్పేటప్పుడు ఒకటి చెప్పు, బయటి అంచులు ఏవీ పదునుగా ఉండకూడదు, కనీసం 2.5 మి.మీ. గుండ్రం తిరగాలి. మనిషికి తగిలితే కోసుకుపోకుండా ఉండటానికి బయటి దేశాల్లో కార్లకి ఉన్న లెక్క అది.

నువ్వే ఫైబర్ కలిపేటట్టయితే ఈ నాలుగు మాటలు జాగ్రత్తగా చదువు. గట్టిపడే మందు, అంటే ఎంఈకేపీ, కిలో రెజిన్‌కి 10 నుంచి 20 మి.లీ. మన ఎండల్లో 20 వేస్తే బ్రష్ ముంచేలోపే గడ్డ కడుతుంది, డబ్బాలోనే పొగ వస్తుంది. 10 దగ్గర ఆగు, అంతకంటే తగ్గించకు, ఎప్పటికీ పూర్తిగా ఆరదు. అరకిలో చొప్పున కలుపు, పొద్దున్నే చెయ్యి. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకు, మ్యాట్ తేమ పీలుస్తుంది, పైపొర జిగటగానే ఉండిపోతుంది. మన వైపు ఈ పనికి కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) విడిగా ఇస్తే దాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపాకే గట్టిపడే మందు కలపాలి. ఆ రెండిటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పొయ్యకూడదు, భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. అసలు కోబాల్ట్ కలిపిన రెజినే అడిగి తెచ్చుకో. గట్టిపడే మందు కంట్లో పడితే చూపు పోతుంది, కళ్లద్దాలు లేకుండా మూత తియ్యకు. గీకేటప్పుడు మంచి మాస్కు, నిండు చేతుల చొక్కా. షెడ్డు తలుపులు తెరిచి ఉంచు, దగ్గర్లో బీడీ సిగరెట్ ఎవరూ వెలిగించకూడదు.

ముక్కుని ఛాసిస్‌కి బిగించే చోట ఫైబర్ పొరల మధ్య చిన్న రేకు ప్లేటు పెట్టి, పెద్ద వాషర్లు, రబ్బర్ వాషర్లు వాడు. నాలుగు బోల్టులు తీస్తే మొత్తం చేతికి రావాలి.

రేడియేటర్ గురించి నువ్వు అడగలేదు కానీ ముక్కు కొస దించితే గాలి దారి మారుతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారి చూసుకుంటుంది, రేడియేటర్ చుట్టూ సందు ఉంటే దాని పక్కనుంచే పోతుంది. ముక్కు నోటి నుంచి రేడియేటర్ అంచుల దాకా నాలుగు వైపులా అల్యూమినియం రేకుతో సందు మూసెయ్యి, వెనక నుంచి వేడి గాలి బయటికి పోయే దారి కూడా ఉంచు. మే నెలలో గుంటూరు ఎండలో, పొలం దారిలో రెండో గేరులో పోతున్నప్పుడు ఫ్యాన్ ఒక్కటే ఆ ఇంజన్ని కాపాడలేదు.

రోడ్డు మీదికి తేవచ్చా అన్నావు. తేవద్దు, తమ్ముడూ. ఎక్కువ చెప్పను. మన దేశంలో బండి రోడ్డెక్కాలంటే ఆ నమూనాకి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం కావాలి, ఇంగ్లండ్‌లోలా ఒక్కో ఇంటి తయారీ కారుని చూసి ఆమోదించే తేలికైన దారి మనకి లేదు. పాత మారుతి 800 నంబరు దీనికి తగిలించమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేసిన సవరణతో ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అన్నిటికంటే పెద్ద భయం, ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ ఉండదు, ఆ భారమంతా నీ మీదే పడుతుంది. మీ పొలంలో, మీ తోటలో హాయిగా నడుపుకో. వేరే ఊరు తీసుకెళ్లాలంటే ట్రక్కులో ఎక్కించుకుని వెళ్లు.

చివరగా రంగు. ఫైబర్ పైపైన ఒక రోజులో గట్టిపడినా లోపల పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. తొందరపడి రంగు వేస్తే తర్వాత ఎండకి ఇంకా బిగుసుకుని, లోపలి మ్యాట్ పోగుల గుర్తులు రంగు మీద కనపడతాయి. నలుపు మీద ఇంకా ఎక్కువ, ఎందుకంటే నలుపు ఎండని పీల్చుకుని బాగా వేడెక్కుతుంది, ఏ చిన్న అలనైనా పట్టిస్తుంది. కాబట్టి ముక్కుని కారుకి బిగించి, ఆకారం వంగిపోకుండా ఉంచి, ప్రైమర్ కూడా వెయ్యకుండా ఒక నెలపాటు రోజూ ఎండ తగలనివ్వు. తర్వాత లప్పం ఎక్కడైనా పెట్టాల్సి వస్తే పల్చగా, రెండు మిల్లీమీటర్లు దాటకుండా పెట్టు. 180 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 320, తర్వాత 400 వాటర్ పేపర్, ఆపైన రెండు భాగాల ప్రైమర్. ఈ ఏడాదికి తెలుపో లేత బూడిద రంగో వేసుకో. ఒక పూర్తి వేసవి గడిచాక పోగులు పైకి తేలలేదని చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు నలుపు వేయించుకో.